ఒకే పుట్ట, రెండు గొడుగులు

తొలకరి పడ్డ రాత్రి లింగంపేటలో వీధిదీపాల చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. తెల్లారేసరికి రాలిన రెక్కలే మిగులుతాయి. కొన్ని వారాలకు, వానలు నిలదొక్కుకున్నాక, ఎల్లారెడ్డి వైపు అడవుల్లో పుట్టగొడుగులు లేస్తాయి. ఉసిళ్లకూ వీటికీ పుట్టిల్లు ఒకటే, చెదపుట్ట.

చెదలు ఎండుటాకులనూ పుల్లలనూ తిని, ఆ విసర్జనతో పుట్ట లోపల స్పంజిలాంటి గూళ్లు కడతాయి. వాటి మీద ఓ శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెదలు అరిగించుకోలేని కర్రపీచును అది మెత్తబరిచి తిండిగా మారుస్తుంది. ఈ సేద్యం ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో ఈ శిలీంధ్రాల ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెద శిలీంధ్రం అని అర్థం.

దక్షిణ భారతంలో కనిపించే ఇద్దరు అక్కచెల్లెళ్లను పోల్చి చూద్దాం. పెద్దది హైమియై. 1979లో శాస్త్రానికెక్కిన ఈ జాతి పేరులో హైమే ఉన్నాడు. గొడుగు అరచేయంత, కాడకు దళసరి ఉంగరం. పీకితే కాడ తెగుతుంది. జాగ్రత్తగా తవ్వితే వేరులాంటి పొడుగాటి తోక లోపలి గూటిదాకా దిగి ఉంటుంది. ఆ తోక పొడవునా మట్టిని చీల్చుకునే అది పైకొచ్చింది.

చిన్నది మైక్రోకార్పస్. గొడుగు రూపాయి బిళ్లంత. ఉంగరమూ లేదు, తోకా లేదు. నేలంతా అటుకులు చల్లినట్టు వందల్లో మొలుస్తుంది. దానికి తోకతో పని లేదు, ఎందుకంటే చెదలే గూటి ముక్కలను మోసుకొచ్చి నేల మీద పరుస్తాయి.

అడవిలో ఏరేవాళ్లకు ఓ హెచ్చరిక. పెద్దదాన్ని పోలిన విషపు గొడుగు ఒకటుంది. ముదిరాక దాని కింది రేకులు ఆకుపచ్చబడతాయి గానీ లేతగా ఉన్నప్పుడు అదీ తెల్లనిదే. తెలిసినవారు చూడకుండా వండుకోవద్దు.

మరి గొడుగులు ఉసిళ్లతో పాటే రాక, వారాలు ఆలస్యమెందుకు? రెక్కలు రాల్చిన జంట మట్టిలో దూరి కొత్త కాపురం పెడుతుంది. చాలా జాతుల్లో ఆ జంట వెంట శిలీంధ్రపు విత్తనం తీసుకెళ్లదు. వాటి తొలికాన్పు కూలిచెదలు బయటికొచ్చే వేళకు ఈ గొడుగులు విచ్చుకుని బీజాలు రాలుస్తుంటాయి. కొత్త పుట్టకు విత్తనం అలా అందుతుంది.