చాళ్లలోని వాచనాలయ నాదము

గ్రంథాలయపు గోడకు ‘నిశ్శబ్దము’ అను పలకను తగిలించినవా రెవ్వరును తలపైని పంకా రొదను గాని, కుర్చీకాలు నేలను రాచిన చప్పుడును గాని, మడత విప్పిన వార్తాపత్రిక గరగరను గాని ఆ యాజ్ఞకు లోబరుపజాలరు. ఇట్టి చిల్లర ధ్వనులును కళయే యని వాదించిన యమెరికను సంగీతకర్త జాన్ కేజ్ 1952లో నొక కృతిని రచించెను. అందు పియానో వాదకుడు 4 నిముషముల 33 సెకన్లు ఒక్క స్వరమైనను పలికింపక కూర్చుండును, సభలో నపుడు వినబడునదంతయు సంగీతమే. ఆ చెవితో వినదగిన తెలుగు తావు లనేకము కలవు గాని, నా మనస్సు ముంబయిలోని కామాఠీపురము మీదికే పోవుచున్నది.

18వ శతాబ్ది తుదినుండి నైజాము సీమ విడిచి, ఆ నగర నిర్మాణమున రాళ్లు మోసిన తెలుగు కూలీలను కామాఠీలనిరి. పేటకు వారి పేరే నిలిచెను. 1873లో జ్యోతిరావు ఫూలే నెలకొల్పిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండయైన రామయ్య వెంకయ్య అయ్యవారు తెలుగువారే. లోక మీ పేటను పడుపు వ్యాపారము పేర మాత్రమే యెరుగుట, దాని చదువరుల చరిత్రకు జరిగిన యన్యాయమని నా తలంపు. తరువాత పద్మశాలీలు నూలుమిల్లుల పనికై తెలంగాణము నుండి వచ్చి, వర్లీ మొదలగుచోట్ల 1920వ దశకమున లేచిన బి.డి.డి. (బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు) చాళ్లలో, అనగా వరుసగదుల కార్మిక వసతులలో, కాపురముండిరి.

ఇంచుమించు 160 చదరపుటడుగుల యొంటిగదిలో కుటుంబమంతయు వండుకొని, తిని, పరుండుచుండగా చదువునకు మూల యెక్కడిది? నడవయు, మెట్లును, సంఘపు గదియు, గల్లీ మొగనున్న వాచనాలయమును, పరీక్షల పిల్లలకు అభ్యాసిక యను చదువుగదియును ఆ కొరత దీర్చెను. దీనికి భిన్నముగా, అదే నగరమున 1833లో పూర్తియైన టౌన్‌హాలులోని ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయమున ఎత్తైన కప్పు చిన్న దగ్గును సైతము దీర్ఘముగా మ్రోగించును. దళసరి గ్రంథముల వరుసలు ఆ మ్రోతను కొంత మ్రింగి, కొంత చెదరగొట్టును. చాళ్ల చదువుగదిలో నట్టి కప్పు లేదు, అన్ని పుస్తకములును లేవు. కుక్కరు కూత, కొళాయి వద్ది తగవు, ప్రక్క గది టీవీ తిన్నగా లోపలికి వచ్చును. వానిని వెనుకకు నెట్టి, పుట త్రిప్పిన సన్నని సవ్వడిని ముందునకు దెచ్చుకొనుట చదువరి చెవి పనియే. ఈ యేర్చుకొనుటనే నేను కళ యనుచున్నాను.

మిల్లు లాడిన కాలమున, అనగా 1982 నాటి మిల్లు కార్మికుల సమ్మెకు ముందు, ఈ నాదమునకు తాళము వేసినది భోంగా, అనగా మిల్లు సైరను. ఆ కూత వినగానే ఒక పాళీ (షిఫ్టు) వారు పత్రికను బల్లపై వదలి లేచుటయు, కొంతసేపటికి వేరొక పాళీవారు వచ్చి దానినే యందుకొనుటయు జరిగెడిది. అక్షరములు రానివారి కొకడు బిగ్గరగా చదివి వినిపించునపుడు, వినువారి ‘ఊ’లును, నడుమ వచ్చు నాక్షేపణలును, ఆ చదువులో భాగములే. వాచనాలయము మౌనముగా నుండవలెనను నియమము నిచ్చట సడలించుటయే న్యాయము.

కాగితపు ధ్వనియు ఋతువును బట్టి మారును. వర్షాకాలపు ముంబయి తేమను పీల్చి మెత్తబడిన పుట మందముగా పలుకును. పొడి దినములలో, అందులోను పాతబడి పెళుసెక్కిన న్యూస్‌ప్రింటు, పెటపెటలాడును. చాళ్ల స్థానమున మేడలు లేచుచున్న యీ దినములలో ఈ సవ్వడులను ధ్వనిముద్రణ చేయబూనువారు ఆషాఢమున నొకమారు, మాఘమున నొకమారు పోవలెను, కిటికీలు మూయించరాదు.