ఓట్స్ నూకలు, జొన్న గటక

రండి రండి, అరుగు మీద జాగా ఉంది. ఆ డబ్బా ఇటివ్వండి. స్టీల్ కట్ ఓట్స్ అట! హైదరాబాదు నుంచి జనవాడ వచ్చే ప్రతి మనవరాలూ దీన్ని విలాయతీ వింతలా మోసుకొస్తుంది. మళ్లీ తనే విసుక్కుంటుంది, "తాతా, ఇది ఉడికేలోపు బడి బస్సు వెళ్లిపోతుంది" అని.

అరచేతిలో పోసుకొని చూడండి. నూకలే కదూ? పొట్టు తీసిన గింజను ఉక్కు కత్తులతో రెండు మూడు ముక్కలు చేస్తే ఇవి వస్తాయి. మనం మాల్దండి జొన్నల్ని ఇసుర్రాయి మీద పగలగొట్టి గటక వండుకోవడం లేదూ, అదే పని. మన పక్కింటి కన్నడ వాళ్లు దాన్నే నుచ్చు అంటారు, మజ్జిగ పోసుకొని తింటారు. దుకాణంలో దొరికే పలచటి ఓట్స్ వేరు. వాటిని ఆవిరి పట్టి, రోలర్ల మధ్య అణుస్తారు, అంటే అటుకులన్నమాట. అవి ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి, ఈ నూకలకేమో అరగంట పడుతుంది. రెండూ ఒకే గింజ గదా, మరి ఎందుకంత తేడా?

ఉడకడం అంటే మంట చేసే పని అనుకుంటాం గానీ, అసలు ఆలస్యం నీళ్లది. గింజలో పిండి సన్నటి రేణువులుగా, గట్టిగా సర్దుకొని ఉంటుంది. ఆ రేణువు ఉబ్బాలంటే దానికి వేడీ అందాలి, నీళ్లూ అందాలి. ఓట్స్ పిండికి 60 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు. జొన్న మొండిది, 70 దాకా పోతే గాని లొంగదు. వేడి చప్పున నూక నడిమధ్యకు చేరిపోతుంది. నీళ్లు మాత్రం మెల్లగా ఇంకుతూ పోవాలి. ఇందులో ఒక తమాషా లెక్కుంది. ముక్క మందం రెట్టింపైతే నీళ్లు లోపలికి చేరే సమయం రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగింతలు. మందం మూడింతలైతే సమయం తొమ్మిదింతలు. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే వంటింట్లో ఎన్ని సంగతులు తెలిసిపోతాయో చూడండి. శనగలు ముందు రాత్రే ఎందుకు నానేస్తారు, పెసరపప్పుకు ఆ అవసరం ఎందుకు లేదు, అటుకులు చన్నీళ్లకే ఎందుకు మెత్తబడతాయి... అటుకులకు ఉడుకు ముందే పట్టి ఉంటుంది, అది వేరే సంగతి.

మనకు ఇంకో చిన్న చిక్కుంది. మన బీదరు గట్టు సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉంది. అంత ఎత్తున నీళ్లు 100 దాకా పోవు, 98 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మచిలీపట్నంలో ఉడికినంత తొందరగా ఇక్కడ ఉడకదు. పెద్ద తేడా ఏం కాదులే, వంట ఆలస్యమైన కోడలికి ఒక సాకు దొరికింది, అంతే.

ఓట్స్ మన వైపు పంట కాదు. ఉత్తరాదిన పశువుల మేతకు వేస్తారు. ఇంగ్లండులో శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు 1755లో నిఘంటువు వేస్తూ, ఓట్స్ దగ్గరికి వచ్చేసరికి అది తమ దేశంలో గుర్రాల దాణా అనీ, స్కాట్లండులో మనుషుల తిండి అనీ ఎకసెక్కెం చేశాడు. మన జొన్నకూ అలాంటి మర్యాదే జరిగింది. వరన్నం తినేవాళ్లు జొన్నరొట్టె తినేవాణ్ని చిన్నచూపు చూశారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ఇప్పుడు అదే జొన్న రవ్వను అందమైన పొట్లాల్లో పెట్టి వాళ్లకే అమ్ముతున్నారు!

ఓట్స్‌లో కొవ్వు జొన్నల్లో కన్నా రెండింతలు ఉంటుంది. గింజ విరగ్గానే ఆ కొవ్వును చీల్చే ఎంజైము పని మొదలుపెట్టి చేదు పుట్టిస్తుంది. అందుకని మిల్లులోనే ఆవిరి పట్టి దాన్ని అణిచేస్తారు. మన జొన్నలకు ఆ ఆవిరి లేదు. మీ అవ్వ ఒక్కసారే బస్తా పట్టించకుండా గిర్నీకి కొంచెం కొంచెం పంపేది అందుకే.

సరే, బస్సు సంగతికొద్దాం. నీళ్లు ఇంకుతున్నంతసేపూ మీరు పొద్దున్నే గంజు ముందు నిలబడాలని ఎవరన్నారు? ఆదివారం మాపటికే వండి పెట్టుకోండి. గ్లాసు నూకలకు నాలుగు గ్లాసుల నీళ్లు, చిటికెడు ఉప్పు. పొంగు వచ్చాక సన్న సెగ మీద పాతిక ముప్పై నిమిషాలు. కాస్త జారుగా ఉన్నప్పుడే దించాలి, చల్లారితే బిగుస్తుంది. ఉడికినప్పుడు విడివడి నీళ్లు పట్టుకున్న పిండి గొలుసులు చల్లబడేకొద్దీ మళ్లీ పక్కపక్కన సర్దుకుంటాయి. రాత్రి గటక పొద్దునకి ముద్దకట్టేది అందువల్లనే. స్కాట్లండు పల్లెల్లో ఓట్స్ జావను చెక్క సొరుగులో పోసి, గడ్డకట్టాక బిళ్లలు కోసుకొని వారమంతా తినేవారని చెప్పుకుంటారు. అలా బిగిసిన పిండిలో కొంత చిన్నపేగులో అరగదు. పెద్దపేగు దాకా పోయి అక్కడి సూక్ష్మజీవులకు మేతవుతుంది, మనకూ మంచిదే. ఇక ఓట్స్‌కున్న ఆ జిగురు బీటా గ్లూకాన్ అనే పీచుది. రోజుకు 3 గ్రాముల ఆ పీచు గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని అమెరికా ప్రభుత్వం 1997లో డబ్బాల మీద రాసుకోనిచ్చింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. బాసిల్లస్ సీరియస్ అని మట్టిలో ఉండే బాక్టీరియా ఒకటి గింజతో పాటే ఇంటికొస్తుంది. నీళ్లు మరిగినా చావకుండా గట్టి పెంకులో ముడుచుకొని కూర్చుంటుంది. ఎండాకాలమంతా నల్లరేగడిలో పడి ఉన్న గడ్డి గింజ మృగశిర చినుకు పడగానే లేచినట్టు, జావ గోరువెచ్చనయ్యేసరికి ఇది లేస్తుంది. ఇది వదిలే విషాల్లో ఒకటి మళ్లీ కాచినా విరగదు, దాంతో వాంతులు పట్టుకుంటాయి. కాబట్టి జావను వేడి నుంచి చలికి తొందరగా దాటించాలి. ఇక్కడా ఆ మందం లెక్కే! లోతు గంజులో ఉంచితే నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. వెడల్పు డబ్బాల్లో రెండు వేళ్ల మందాన పోస్తే చప్పున చల్లారుతుంది. రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజులు ఢోకా ఉండదు. పొద్దున కావలసినంత తీసి, పాలో నీళ్లో పోసి పొగలొచ్చేలా కాస్తే చాలు.

ఫ్రిజ్ లేనప్పుడు ఏం చేశారంటారా? పులియబెట్టారు. నిన్నటి పులుపు కొంచెం కుండ అడుగున ఉంచి, అందులోనే జొన్నపిండి కలిపి మూతపెట్టేవాళ్లు. పెరుగు తోడుకునే రకం బాక్టీరియాలే తెల్లారేసరికి కుండంతా పుల్లన చేసేవి. ఆ పులుపులో మట్టి బాక్టీరియా పెరగలేదు. పైగా జొన్నలోని మాంసకృత్తులు నీళ్లలో ఉడికితే గట్టిపడి సరిగా అరగవు, పులిస్తే కొంత లొంగుతాయి. ఈ అంబలికి అంత పేరు ఊరికే రాలేదు. స్కాట్లండు వాళ్లకూ సోవెన్స్ అని అలాంటిదే ఉండేది. ఓట్స్ పొట్టుకు అంటుకున్న పిండిని రోజుల తరబడి నీళ్లలో పులియనిచ్చి కాచుకునేవారు.

మీ డబ్బాలో నూకల్ని కూడా ఒకసారి అలా చేసి చూడండి. పడుకునే ముందు చెంచాడు పెరుగు కలిపి నానేసి, పొద్దున కాయండి. రాత్రంతా నానాయి గనక ఉడకడానికి సగం సమయం కూడా పట్టదు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి దగ్గర పెట్టుకోండి. చక్కెర డబ్బా జోలికి మాత్రం పోవద్దు.