కొత్త యంత్రము, దొరకని దోషము

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు రహదారిపై శిరివెళ్ల యున్నది. ఆ యూర డిగ్రీ చివరి సంవత్సరము చదువుచున్న బాలిక యొకతె యున్నదనుకొనవచ్చును. ఆమె తండ్రి రైతు. శనగలమ్మగా వచ్చిన సొమ్ముతో ఆయన కూఁతురికి లాప్‌టాప్ కొనియిచ్చెను. అది యింటికి వచ్చి నాలుగు మాసములైనను నిండలేదు. ఒకనాటి సాయంకాలము ఆమె తన ప్రాజెక్టు నివేదికను వ్రాయుచుండగా తెర హఠాత్తుగా నీలవర్ణమయ్యెను; యంత్రము తనంతట తానే ఆగి, మరల మొదలయ్యెను. గంటసేపు వ్రాసినదంతయు పోయినది. మరునాడు ఏమియు జరుగలేదు. మూడవనాడు రెండుమార్లు ఆగెను. నివేదిక సమర్పించుటకు ఇరువది దినములే గడువున్నది.

"కొత్తదానికి అప్పుడే ఏం పోగాలమొచ్చిందే, తల్లీ?" అని అవ్వ నిట్టూర్చెను. తండ్రి కరెంటును తప్పు పట్టెను. ఎదురింటి అన్న "వైరస్ పట్టింటాది" అని తేల్చివేసెను. ఆమె దానిని నంద్యాలలోని అంగడికి తీసికొనిపోగా, వైద్యుని యెదుట కూర్చుండగానే దగ్గు మాయమైన రోగివలె, అది ఉదయమంతయు చక్కగా పనిచేసెను!

పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట అంత కష్టము కాదు. అప్పుడప్పుడు మాత్రమే చెడునట్టిదానితోనే చిక్కు. దోషము కంటబడదు, కంటబడినప్పుడు బాగుచేయువాడు దగ్గర నుండడు. ఇక కొత్తదనమందురా, అది అభయమేమియు కాదు. ఎలక్ట్రానిక్ పరికరములలో, తయారీనాడే లోపము దాగియున్న భాగములు తొలి మాసములలోనే బయటపడుచుండును. ఆ గండము గడచిన పిమ్మట చాలకాలము నిశ్చింతగా నడచి, ముసలితనమున మరల చెడుట మొదలిడును. కడవ కొనువారు వ్రేలితో తట్టి చూచుట ఇందుకే గదా! కాని కంప్యూటరును తట్టి చూచుటకు వీలులేదు.

మరి దాని ధ్వనిని వినుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము పాత నోటుపుస్తక మొకదానిలో నున్నది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున మార్క్-2 అను మహాయంత్ర ముండెడిది. 1947 సెప్టెంబరు 9వ తేదీన అది సరిగా పనిచేయలేదు. వెదకగా, ఒక రిలే నడుమ చిక్కుకొనిన చిమ్మట కనబడెను. అక్కడివారు ఆ పురుగును దినచర్య పుస్తకములో అంటించి, సమయమును రిలే సంఖ్యను వ్రాసి యుంచిరి. యంత్రదోషమును పురుగు అని పిలుచుట అంతకు పూర్వమే వాడుకలో నున్నది. కావుననే వారికది వేడుకగా తోచెను. ఆ పుట నేడు వాషింగ్టనులోని మ్యూజియములో భద్రముగా నున్నది. అందరును పురుగును గూర్చియే చెప్పుకొందురు. నిజమునకు చెప్పుకొనదగినది ఆ పుస్తకము.

బాలిక మొదట చేసిన పని తాను వ్రాసినదంతయు పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించుట. రోగము తెలియకముందే ప్రాణమును కాపాడుకొనుట వంటిది ఈ పని. పిమ్మట ఒక నోటుపుస్తకము తెరచి, యంత్ర మాగిన ప్రతిమారును తేదీ, సమయము, అప్పుడు చేయుచున్న పని, ఛార్జర్ తగిలించి యున్నదా లేదా, నీలితెరపై కనబడిన సంకేతము, ఇవి వ్రాయుచు వచ్చెను. విండోస్ కూడ తన దినచర్యను తాను వ్రాసికొనును. అందు 41 అను సంఖ్యగల నమోదు ఉన్నచో, యంత్రము సక్రమముగా మూయబడకుండ మరల మొదలైనదని అర్థము. అది ఎందుకు ఆగెనో మాత్రము ఆ సంఖ్య చెప్పదు.

మొదట తండ్రి మాటను పరీక్షించెను. లాప్‌టాప్‌లో బ్యాటరీ యున్నది గనుక కరెంటు పోయినంతమాత్రమున ఆగరాదు. అయినను ఛార్జరు దోషము కావచ్చునని, రెండు దినములు పని చేయునప్పుడు దానిని తగిలింపలేదు. అయినను ఆగెను. తండ్రి మాట కొట్టివేయబడెను.

తరువాత ఎండ. నంద్యాల సీమలో వేసవి 40 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను టీడీసీ-12 అను కంప్యూటరును తయారుచేసిన కాలమున, ఇట్టి యంత్రములకు చల్లని గదులు ప్రత్యేకముగా కట్టించుట వాడుక. నేటి యంత్రమో, మంచముమీద బొంతపై కూర్చుండి గాలి రంధ్రములు మూసికొనును. ప్రాసెసర్లలో అనేకము సుమారు 100 డిగ్రీలవరకు ఓర్చుకొనును. ఆ మేరకు చేరినచో ముందు వేగము తగ్గించుకొనును. ఇంకను మించినచో కాలిపోకుండ తటాలున ఆరిపోవును. అట్టి ఆరిపాటుకు సాధారణముగా నీలితెర యుండదు. అయినను ఆమె దానిని బల్లపై నుంచి ఫ్యాను వేసెను. మూడు దినములు ఆగలేదు! ఇల్లంతయు సంతోషించెను. నాలుగవనాడు మరల ఆగెను.

ఇచ్చట చాలమంది పొరపడుదురు. రెండుమూడు దినముల కొకమారు వచ్చు దోషము మూడు దినములు రాకపోవుట వింత కాదు. అది తనంతట తానే అట్లు ఊరకుండవచ్చును. కుదిరినదని చెప్పుటకు, అది వచ్చు వ్యవధికి ఎన్నోరెట్లు వేచియుండవలయును. ఒకేమారు నాలుగు మార్పులు చేసినను ఇట్టి భ్రమయే కలుగును. ఏది పనిచేసినదో తెలియదు.

ఎదురింటి అన్న మాటనుబట్టి వైరస్‌కై వెదకెను, ఏమియు దొరకలేదు. ఇటీవల చేర్చిన ప్రింటరు డ్రైవరును తీసివేసెను. ఫలితము లేదు. అప్పుడామె పుస్తకములోని సంకేతములను వరుసగా చదివెను. ఏడుమార్లు ఆగినది, ఐదు వేర్వేరు సంకేతములు! ఒక ప్రోగ్రామే కారణమైనచో ఒకే సంకేతము మరల మరల వచ్చుట వాడుక. ప్రతిమారు క్రొత్త కారణము చెప్పు యంత్రమునందు మెమరీని శంకింపవలయును. ఏలయన, అన్ని ప్రోగ్రాములును తమ లెక్కలను ఆ పలకపైనే వ్రాసికొనును. పలక చెడినచో ఎవని లెక్కయైనను తప్పును.

8 జీబీ మెమరీలో సుమారు 6,871 కోట్ల చిన్న గదులుండును. ప్రతిదానియందును సున్న గాని ఒకటి గాని నిలువవలయును. వానిలో ఒక్కటి మొండికెత్తినను చాలును. కొన్నిమార్లు గది మంచిదైనను అంకె తారుమారగును. 1978లో ఇంటెల్ శాస్త్రజ్ఞులు ఇట్టి వింతనే కనుగొనిరి: మెమరీ చిప్పులపై కప్పిన పింగాణీలో లేశమాత్రమున్న యురేనియము, థోరియముల నుండి వెలువడిన ఆల్ఫా కణములు అంకెలను మార్చుచుండెను. అట్టి పొరపాటు ఒకమారు ఒకచోట వచ్చి, మరల వ్రాసినచో సరిపడును. చెడిన గది అట్లు కాదు. అది అదేచోట మరల మరల తప్పును.

ఆ రాత్రి ఆమె మెమరీ పరీక్షను నడిపించి నిదురించెను. తెల్లవారి చూడగా తెరపై ఎఱ్ఱని వరుసలు! అన్నింటను ఒకే చిరునామా. ఆమె ఆ తెరను ఫోటో తీసెను. యంత్రమును తాను విప్పలేదు. గ్యారంటీ కాలమున విప్పినచో కంపెనీతో పేచీ వచ్చును. పుస్తకమును ఫోటోను వెంటగొని తండ్రితో కూడ సర్వీసు కేంద్రమునకు పోయెను. యంత్రము అచ్చటను మంచిబిడ్డవలె పనిచేయుచునే యుండెను. కాని ఈమారు వారు పుస్తకమును చదివి, తామును పరీక్ష చేసి, మెమరీ పట్టీని మార్చియిచ్చిరి. కొన్ని లాప్‌టాప్‌లలో అది ప్రధాన ఫలకమునకే అతుకబడి యుండును. అప్పుడు ఫలకమునే మార్పవలసివచ్చును.

గడువునకు రెండు దినములు ముందుగా నివేదిక అందినది. నోటుపుస్తకము మాత్రము మూయబడలేదు. ఆ తరువాతి ముప్పది దినములకును ఒక్కొక్క పంక్తి యున్నది, అన్నింటను ఒకటే మాట: "ఆగలేదు."