మైత్రీవనం వెనక గల్లీల్లో

దేశానికి కంప్యూటర్ కోర్సులు నేర్పిన హైదరాబాద్ అమీర్‌పేటలోనే, ఫోన్‌లో ఒక ఫారం నింపుకోలేని ఇళ్లున్నాయి. ఇంటర్నెట్ తీగ గడప దాకా వచ్చింది. పక్కన కూర్చుని చెప్పే మనిషి ఇంకా రాలేదు.

జావా, ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్. పాతికేళ్లకు పైగా తెలుగు ఊళ్ల నుంచి బ్యాగు భుజానేసుకొని వచ్చిన డిగ్రీ పిల్లలు అమీర్‌పేటలో మొదట చదివింది ఈ బోర్డులే. వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ చెప్పిన గదులే తర్వాత శాప్‌కు మారాయి, ఇప్పుడు డేటా సైన్స్, ఏఐ అంటున్నాయి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఉన్న ఆ కొద్దిపాటి జాగాలో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు ఒకదాన్నొకటి పోషించుకుంటూ పెరిగాయి. ఇక్కడ నేర్చుకున్న చదువుతో అమెరికా చేరిన తెలుగువాళ్లు ఎందరో లెక్క తేల్చడం కష్టం.

అదే పిల్లలకు హాస్టల్లో అన్నం వండేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, రాత్రి గేటు కాసేవాళ్లు ఎక్కడుంటారు? బల్కంపేట గల్లీల్లో, ఎర్రగడ్డ వైపు, పంజాగుట్ట దాటితే ఎర్రమంజిల్, ఎం.ఎస్. మక్తాల్లో. ఒక్కో గదిలో నలుగురైదుగురు. ఇంటికి ఒకటే స్మార్ట్‌ఫోన్, అదీ పగలంతా ఇంటాయన జేబులో. రేషన్ కార్డుకు ఈకేవైసీ, గ్యాస్ బుకింగ్, పిల్ల స్కాలర్‌షిప్, ఆధార్‌లో అడ్రసు మార్పు, ఇట్లా అన్నీ ఆ ఫోన్‌లోకే వచ్చి చేరాయి. నిమ్స్ ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చిన పెద్దమ్మ ఫోన్ చేతిలో పట్టుకొని, దారిన పోయే కుర్రాణ్ని ఆపుతుంది: "బాబూ, ఈ నంబరేందో జర చూసి చెప్తవా?" అది ఓటీపీ. పరాయివాడికి చూపించకూడదని బ్యాంకు ప్రతి మెసేజ్‌లో రాసి పంపుతూనే ఉంటుంది. ఆ రాతే ఆమె చదవలేదు.

తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు సగం దాటి ఉంటే, స్త్రీలు 26.5 శాతమేనని 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ తర్వాత కరోనా వచ్చింది. 2020 సెప్టెంబర్ నుంచి సర్కారు బడి పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలోకి వెళ్లాయి. ఫోన్లు పెరిగాయి, డేటా వాడకం పెరిగింది. కానీ వీడియో చూడటం వేరు, పని చేసుకోవడం వేరు. వేలితో జరుపుతూ పోవడం పసిపిల్లలకూ వచ్చు. ఏ మీట నొక్కితే డబ్బు వస్తుంది, ఏది నొక్కితే పోతుంది అన్న తేడా తెలియడమే అసలు చదువు.

ఈ చదువుకు ప్రభుత్వాల దగ్గర పథకాలు లేకపోలేదు. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఆరు కోట్ల ఇళ్లలో ఇంటికొకరికి నేర్పాలని పెట్టుకొని, 2024 మార్చితో ముగిసింది. పేరులోనే ఉంది, అది ఊళ్లకు. తీగ వేసే పథకాలూ అంతే. భారత్‌నెట్ పంచాయతీలకు. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కాలవల్లోనే తీగ వేసుకుంటూ వెళ్లిన టీ-ఫైబర్ కూడా ముందు పల్లెకే. 2024 డిసెంబర్‌లో పెద్దపల్లి, సంగారెడ్డి, నారాయణపేట జిల్లాల్లోని ఊళ్లలో అది మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రారంభించిన ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ కలిపి ఇస్తామంది. పల్లెకు ఇవ్వడం న్యాయమే. పట్నానికి ఎటూ నెట్ ఉందిలే అని బస్తీని వదిలేయడం మాత్రం అన్యాయం. మెట్రో స్టేషన్ కింద నిలబడితే నాలుగు కంపెనీల సిగ్నల్ దొరుకుతుంది. ఆ స్టేషన్ నీడలోనే బతికే మనిషికి ఆ శిక్షణ పథకంలో చోటు లేకపోయింది.

తీగ సంగతీ చూద్దాం. హైదరాబాద్ బ్రాడ్‌బ్యాండ్ కరెంటు స్తంభాలను పట్టుకొని పెరిగింది. ముందు కేబుల్ టీవీ వైరు, దాని మీద నెట్ వైరు, ఆ పైన ఫైబర్. కంపెనీ మారినప్పుడల్లా కొత్త తీగ వచ్చింది, పాతది అక్కడే వేలాడుతూ ఉండిపోయింది. 2017లోనే ఈ నగరంలో ఇంటికి సెకనుకు ఒక గిగాబిట్ వేగమిచ్చే కనెక్షన్ అమ్మారు. ఆ వేగమంతా స్తంభానికి ఉట్టిలా వేలాడే చుట్టల్లోంచే వచ్చింది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్ సంస్థ నగరమంతా కేబుళ్లు కోసేసింది. వేల ఇళ్లలో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణం పోయిన చోట తీగ తీయొద్దని ఎవరనగలరు? కానీ భూమిలో అందరికీ కలిపి ఒక డక్ట్ వేసి ఉంటే ఆ తీగలు స్తంభమెక్కాల్సిన పనే ఉండేది కాదు. ఉమ్మడి డక్ట్‌లకు దారి చూపే కేంద్ర నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. రోడ్డును ఎన్నిసార్లు తవ్వినా ఆ పని మాత్రం జరగడం లేదు.

అద్దెగదిలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు. కనెక్షన్‌కు అడ్రసు ప్రూఫ్ కావాలి, ఓనర్ ఒప్పుకోవాలి, చాలాచోట్ల కొన్ని నెలల డబ్బు ముందే కట్టాలి. నెల జీతం మీద బతికే ఇంటికి అది మోయరాని భారం. అందుకే ఒక ఇంటి రౌటర్ పాస్‌వర్డ్ నాలుగిళ్లకు పంచుకోవడం బస్తీల్లో మామూలు.

ఈ చిక్కుకు సరిపోయే ఏర్పాటు ఒకటి ఇప్పటికే ఉంది. 2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి కింద కిరాణా కొట్టువాడు, చాయ్ బండివాడు కూడా లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టకుండా వైఫై అమ్మొచ్చు. టెలికం కంపెనీలు ఇలాంటి చిన్న కొట్లకు ఇచ్చే లైన్‌కు ఇష్టమొచ్చినంత వసూలు చేయకుండా, ఇంటి కనెక్షన్ ధరకు రెండింతలు మించొద్దని 2025 జూన్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ గీత గీసింది. హాస్టళ్లు, బస్తీలు పక్కపక్కనే ఉన్న అమీర్‌పేటను మించి దీనికి తగిన చోటు ఎక్కడుంది? కేరళ 2023 జూన్‌లో తన సొంత ఇంటర్నెట్ వ్యవస్థ కే-ఫోన్ ప్రారంభించి, పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ లక్ష్యంగా పెట్టుకుంది. అమెరికా తన పేద కుటుంబాల నెట్ బిల్లులో నెలకు 30 డాలర్లు భరించి, నిధులు అయిపోయాయంటూ 2024లో ఆపేసింది. సర్కారు డబ్బు ఒక్కటే ఆధారమైతే ఏమవుతుందో చూశాం. వీధిలో చిన్న వ్యాపారి నిలబడగలిగే పద్ధతికి ఆయుష్షు ఎక్కువ.

ఇక మనిషి సంగతి. 1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. చదువుకున్నవాళ్లు పొద్దుగూకాక కూలి నుంచి వచ్చిన ఆడవాళ్ల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించారు. ఆ తరగతుల్లోంచే దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి లేచారు. 1993 అక్టోబర్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. చదువు తన బతుకుకు అందితే ఆడమనిషి ఎంత దూరం వెళ్తుందో తెలుగు నేల చూసింది.

ఆ ఉద్యమానికి గురువులను ఊరూరా వెతకాల్సి వచ్చింది. అమీర్‌పేటలో వేలాది మంది ఇప్పటికే ఉన్నారు, రోజూ తెర ముందే కూర్చుంటారు. ఆదివారం ఖాళీగా ఉండే క్లాస్‌రూములు, సిస్టమ్‌లు, ప్రొజెక్టర్లు ఉన్నాయి. ఆస్తి పన్నుతో పాటు మనందరం కట్టే గ్రంథాలయ సెస్సుతో నడిచే శాఖా గ్రంథాలయాలున్నాయి. 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంతో గ్రంథాలయోద్యమం మొదలైన నగరమిది. పత్రికలు చదివే బల్ల పక్కన రెండు కంప్యూటర్లు, ఒక వలంటీరు ఉండాలని అడిగే హక్కు ఇక్కడి పౌరులకుంది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది కూడా.

నేర్పాల్సింది పెద్ద సిలబస్ కాదు. ఫోన్ తెలుగులోకి మార్చుకోవడం. ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం. డబ్బు రావాలంటే యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదని తెలుసుకోవడం. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరిస్తే ఫోన్ పెట్టేయడం. మోసపోతే సిగ్గుపడకుండా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయడం. దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో తానే చూసుకోవడం. నాలుగు ఆదివారాలు చాలు.

కోచింగ్ సెంటర్ల యజమానులారా, ఆదివారం సాయంత్రం ఒక్క గది తెరవండి. హాస్టల్ పిల్లలారా, మీకు వండిపెట్టే అక్కను ఆ గదికి తీసుకురండి. నేర్పేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: ఫోన్ మీరు తీసుకోవద్దు. ఎంత ఆలస్యమైనా, నొక్కేది ఆమె వేలే కావాలి.