చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

విద్యార్థులారా, సమాచార వ్యవస్థ అనగానే మీలో చాలామందికి చల్లని గదిలో వరుసగా పెట్టిన కంప్యూటర్లు గుర్తుకు వస్తాయి. ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టి, మీ వీధిలోని కిరాణా కొట్టుకు వెళ్ళండి. పాతకాలపు వ్యాపారులు రెండు పుస్తకాలు ఉంచుకునేవారు. అమ్మకాలు, అప్పులు జరిగిన వరుసలోనే రాసేది చిట్టా. రాత్రి కొట్టు కట్టేశాక, అవే పద్దులను ఒక్కొక్క ఖాతాదారు పేరు కిందకు మార్చి రాసేది ఆవర్జా.

పద్దులు అవే అయినప్పుడు రెండు పుస్తకాలు ఎందుకు? "నిన్న ఏం జరిగింది?" అంటే చిట్టా చెబుతుంది. "ఫలానా ఆయన ఎంత బాకీ?" అంటే ఆవర్జా చెబుతుంది. పద్దు దత్తాంశం, జవాబు సమాచారం. దత్తాంశాన్ని సేకరించి, భద్రపరచి, ప్రశ్నకు తగినట్లు అమర్చి ఇచ్చే ఏర్పాటు మొత్తాన్నీ సమాచార వ్యవస్థ అంటారు. అందులో రాసే మనిషి కూడా ఒక భాగమే. కంప్యూటరు వచ్చాక పద్దు ఒక్కసారి రాస్తే చాలు, ఎన్ని ఆవర్జాలైనా దానంతట అవే తయారవుతాయి.

దీనివల్ల దుకాణదారుకు కలిగే లాభం లెక్క వేసి చూద్దాం. ఒక కొట్టులో రోజుకు 4 కిలోల కందిపప్పు అమ్ముడవుతుంది అనుకోండి. టోకు వర్తకుడికి చెప్పిన తరువాత సరుకు రావడానికి 5 రోజులు పడుతుంది. ఆ 5 రోజులకు 20 కిలోలు కావాలి. పండుగ రోజుల్లో గిరాకీ పెరగవచ్చు కాబట్టి మరో 6 కిలోలు చేతిలో ఉంచుకోవాలి. అంటే నిల్వ 26 కిలోలకు దిగగానే కొత్త సరుకు చెప్పాలి. అంతకంటే ఆలస్యమైతే, పప్పు లేదని వెనుదిరిగిన ఇల్లాలు ఉప్పు, నూనె కూడా వేరే కొట్టులోనే కొంటుంది. మరీ ముందుగా తెప్పిస్తే పెట్టుబడి బస్తాల్లో ఇరుక్కుంటుంది, పురుగు పడుతుంది. ఈ లెక్క ఒక్క వస్తువుకైతే నోటితో చెప్పేయవచ్చు. మూడు వందల వస్తువులకు రోజూ చేయాలంటే యంత్రం ఉండాల్సిందే.

అయితే యంత్రానికి చెప్పిందే తెలుస్తుంది. తప్పు అంకె ఇస్తే తప్పు జవాబే వస్తుంది. దీనికి ఒక చక్కటి కాపలా బార్‌కోడు కింద ఉంటుంది. మీ ఇంట్లోని సబ్బు పెట్టె తీసుకోండి. సాధారణంగా 13 అంకెలు ఉంటాయి. 890తో మొదలైతే ఆ సంఖ్యను కేటాయించింది భారతదేశంలోని సంస్థ అని అర్థం (వస్తువు ఇక్కడే తయారైందని కాదు, చాలామంది అలా పొరబడతారు). చివరి అంకె తనిఖీ అంకె. ఉదాహరణకు 8901234567890 తీసుకోండి. మొదటి 12 అంకెలలో బేసి స్థానాల మొత్తం 28. సరి స్థానాల మొత్తం 34, దాన్ని 3తో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. దీన్ని పదుల సంఖ్యగా మార్చడానికి ఇంకా ఎంత కలపాలి? సున్నా. అదే చివరి అంకె. ఏ ఒక్క అంకె తప్పు పడినా లెక్క సరిపోదు, యంత్రం ఒప్పుకోదు. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడా చాలావరకు దొరికిపోతుంది. ఆ రెండింటికీ తేడా సరిగ్గా 5 అయితే మాత్రం దొరకదు. ఎందుకో మీరే గుణించి చూడండి.

బడిలో ఇలాంటి కాపలా తక్కువ. అంకెను తనిఖీ చేయవచ్చు కాని పేరును ఎలా తనిఖీ చేస్తారు? ఒకే తరగతిలో ఇద్దరు "కె. లక్ష్మి"లు ఉండవచ్చు. అందుకే ప్రతి విద్యార్థికీ మరెవరికీ లేని సంఖ్య ఒకటి ఇస్తారు. ఇంటిపేరు బడి రికార్డులో ఒక రకంగా, బ్యాంకు ఖాతాలో మరొక రకంగా ఉంటే ఉపకార వేతనం ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ అమ్మాయి చదువుకు ఒక్క అక్షరం అడ్డుపడుతుంది. మీ రికార్డులను ఈ వారమే సరిచూసుకోండి.

హాజరు పట్టీ సంగతి కూడా అంతే. 220 పనిదినాల్లో 75 శాతం అంటే 165 రోజులు, అంటే 55 రోజులు మానవచ్చు. మొదటి 100 రోజుల్లోనే 30 రోజులు మానిన పిల్లవాడికి మిగిలింది 25 రోజులే. ఈ మాట ఏడాది చివర చెబితే అది వట్టి రిజిస్టరు. నూరో రోజున చెబితే, కారణం పొలం పనో జబ్బో తెలుసుకొని ఉపాధ్యాయుడు ఇంటికి వెళ్ళే వీలుంటుంది.

ఇక క్యూఆర్ కోడు. 1994లో జపానులో మోటారు వాహనాల విడిభాగాలను గుర్తించడానికి పుట్టింది. మన దేశంలో 2016లో మొదలైన యూపీఐ దాన్ని టీకొట్టు దాకా తెచ్చింది. 2017లో వచ్చిన దీక్ష వేదిక పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చింది. మీ నాన్నగారో మామయ్యో కొట్టు నడుపుతుంటే రెండు సంగతులు చెప్పండి. కొనేవారి ఫోనులో కనిపించే బొమ్మను నమ్మవద్దు, డబ్బు తమ ఖాతాలో పడిందో లేదో చూసుకోవాలి. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు, ఎవరైనా అడిగితే అది మోసమే.