కాష్మోరా కంటే చలిజ్వరమే భయం!
నవలలపై ఒక గిరిజన పాఠకురాలి నిక్కచ్చి మాటలు

అరకులోయ: నవలల మీద అభిప్రాయాలు చెప్పేవారికి పట్నంలో కొదవ లేదు. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. కొండల్లో అవే నవలలను అట్టలు ఊడేదాకా చదివినవారు ఏమనుకుంటున్నారో అడిగినవారు మాత్రం తక్కువ. డుంబ్రిగుడ మండలంలోని ఒక గ్రామంలో ఉంటున్న రిటైరైన హాస్టలు మేట్రను ఒకరున్నారు. అడిగితే చాలు, మొహమాటం లేకుండా చెబుతారు. వయసు అరవై దాటింది. కొండదొర కుటుంబం. ఇంట్లో కొండ భాష, సంతలో ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు. అలా మూడో భాషలో అక్షరాలు దిద్దుకున్న ఈమె నలభై ఏళ్లకు పైగా తెలుగు నవలలు చదువుతూనే ఉన్నారు.

పేరు పేపర్లో వేయవద్దన్నారు. “రాసినవాళ్లు పెద్దపెద్దోళ్లు. ఫలానా ఆవిడ తిట్టిందని నా పేరెందుకండీ?” అన్నారు. ఊళ్లో అందరూ ఆమెను మేట్రనమ్మ అనే పిలుస్తారు.

ఆమె ఇంట మంచం కింద ఆకుపచ్చ రంగు రేకు పెట్టె ఉంది. అందులో యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి పక్కపక్కనే సర్దుకుని ఉన్నారు. మధుబాబు షాడో పుస్తకాలు ఒక కట్ట. పాత ‘చతుర’ సంచికలు కొన్ని. అన్నిటికంటే ఆమె భద్రంగా చూసుకునేవి మాత్రం వారపత్రికల్లోంచి చింపి, గోనె సంచి కుట్టే సూదితో కుట్టి పెట్టుకున్న సీరియళ్లు. కొన్నిటికి మధ్యలో వారాలు లేవు. ఆ వారం బస్సు కొండెక్కలేదన్న మాట.

సొరంగంలో ఆగిన కథ

నవలకూ రైలుకూ చుట్టరికం పాతదే. వెయ్యికి పైగా నవలలు రాశారని పేరుపడ్డ కొవ్వలి లక్ష్మీనరసింహారావు పుస్తకాలు ఒకప్పుడు రైల్వే స్టేషన్లలోనే ఎక్కువగా అమ్ముడయ్యేవి. ఈ కొండలకు నవల వచ్చింది కూడా రైలెక్కే. కొత్తవలస నుంచి కిరండూలు దాకా 1960లలో వేసిన లైను ఇనుప ఖనిజం కోసం వేసినదే అయినా, ప్యాసింజరులో విశాఖపట్నం వెళ్లివచ్చేవారి సంచుల్లో ఉప్పు, ఎండుచేపలతోపాటు పాత నవలలూ కొండెక్కాయి.

ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. ఆ రోజుల్లో పెట్టెల్లో లైట్లు వెలిగితే వెలిగినట్టు, లేకుంటే లేదు. “సొరంగం వస్తే వేలు ఆ లైను మీదే పెట్టుకుని కూర్చునేదాన్ని. హీరో ఆవిడ చెయ్యి పట్టుకోబోతుంటే చీకటి అయిపోయేది. బయటికొచ్చాక చూస్తే ఏటీ లేదు, రుమాలు ఇచ్చినాడు” అని ఆమె పకపకా నవ్వుతారు.

అప్పట్లో పట్నాలలో వీధికొక అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకు ఇన్ని పైసలని కట్టి తెచ్చుకునేవారు. ఎమెస్కోవారు ఇంటింటి గ్రంథాలయం పేరిట పోస్టులో పుస్తకాలు పంపేవారు. కొండ మీద అవేవీ లేవు. టీచరమ్మలు, నర్సులు, రైల్వే క్వార్టర్లలో ఉండే ఆడవారు ఒకరి దగ్గరినుంచి ఒకరు తీసుకుని చదివినవే. ఒక్కో పుస్తకం ఇరవై చేతులు మారేది. చివరి పేజీలు లేని నవలకు ముగింపు ఎవరికి తోచింది వారు చెప్పుకునేవారు. అలా చెప్పుకున్న ముగింపులే కొన్ని అసలు ముగింపు కంటే బాగుండేవని ఆమె అభిప్రాయం.

“నోరు తెరిచి అడిగితే నవల అయిపోను”

యద్దనపూడి ‘సెక్రటరీ’ మొదట ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియలుగా వచ్చింది. పుస్తకంగా ఎన్నిసార్లు అచ్చయిందో లెక్క చెప్పడం కష్టం. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా అయింది. మేట్రనమ్మ దాన్ని హాస్టలు పిల్లగా ఉన్నప్పుడు మొదటిసారి చదివారు. తర్వాత ఎనిమిదిసార్లు చదివారు. అయినా ఆమె లెక్కలో అది తప్పులేని పుస్తకం కాదు.

“ఆ జయంతి, ఆ రాజశేఖరం ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని నోరు తెరిచి అడుక్కుంటే నవల సగంలో అయిపోను. అడగరు. మనసులో అనుకుంటారు, అలుగుతారు, ఊరు వెళ్లిపోతారు. మా ఊళ్లో అయితే గుంటడికి గుంట నచ్చితే చెప్పేస్తాడు. ఇద్దరూ లేచిపోతే నాలుగు దినాలు గోల. తర్వాత పెద్దలు కూర్చుని ఓలి మాట్లాడి, తప్పు కట్టించి కలిపేస్తారు. మూడువందల పేజీలు ఎక్కడివి?”

ఇక్కడ ఓలి అంటే మగపెళ్లివారు ఆడపిల్ల ఇంటికి ఇచ్చుకునేది. నవలల్లో తండ్రి కట్నం ఇవ్వలేక కుమిలిపోవడం చదివినప్పుడు హాస్టలు పిల్లలకు మొదట అర్థమయ్యేది కాదట. పిల్లను ఇస్తూ డబ్బు కూడా ఎదురిస్తారా అని అడిగేవారట. ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఉద్యోగం ఉన్న పెళ్లికొడుకు వస్తే కొండ మీద కూడా కట్నం మాట వినబడుతోందని, పట్నం నుంచి ఎక్కివచ్చిన సరుకుల్లో అదొకటని ఆమె అంటారు.

పడవలాంటి కారు, ఆరడుగుల హీరో, పాలరాతి మెట్లు. వీటిని వెక్కిరించడం ఇప్పుడు అందరికీ తేలిక. మేట్రనమ్మ ఆ గుంపులో చేరరు. ఆమెకు కారు గుర్తులేదు, జీతం గుర్తుంది. అప్పటికి ఆమె చూసిన ఉద్యోగం చేసే ఆడవాళ్లు ఇద్దరే, టీచరు, నర్సు. ఒక పేదింటి పిల్ల పొద్దున్నే ముఖం కడుక్కుని ఆఫీసుకు వెళ్లడం, నెలకింత అని చేతికి డబ్బు తెచ్చుకోవడం, అధికారి ముందు తల ఎత్తి మాట్లాడడం మొదటిసారి పుస్తకంలోనే చూశారు. “హీరో కోసం చదివినాననుకుంటారు. నేను ఆ జీతం కోసం చదివినాను” అంటారు. ఆ రచయిత్రుల జోరు చూసి అప్పట్లో కొందరు మగవారే ఆడపేర్లు పెట్టుకుని సీరియళ్లు రాశారు. ఆ సంగతి చెబితే, “రాస్తే రాశారు గానీ, వంటింట్లో పొగ గురించి రాసినచోట దొరికిపోయేవారు” అని తీర్పు చెప్పారు.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు కోపం ఉంది. ప్రేమ నవలల్లో అరకు తరచు వస్తుంది. గెస్టుహౌసు వస్తుంది, పొగమంచు వస్తుంది, కొత్త దంపతులు వస్తారు. ఊరివాడు ఒక్కడే వస్తాడు, వాచ్‌మేనుగా. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి “దొరా” అని వెళ్లిపోతాడు. థింసా ఆడేవారు కిటికీలోంచి కనబడతారు. “మాకు ప్రేమలు లేవా? ఆ వాచ్‌మేను కూడా ఎవర్నో చేసుకునే ఉంటాడు కదా!” ఉత్తరాంధ్ర గిరిజనుల్లోంచి వచ్చి కథలు రాస్తున్న మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ ఆమె పెట్టెలో ఉంది. అలాంటి చేయి ఒక మంచి ప్రేమ నవల రాస్తే చదివి చచ్చిపోతానని అంటారు.

పట్నం మేడలో మంత్రగాడు

1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ సీరియలుగా వచ్చినప్పుడు రాష్ట్రం ఊగిపోయింది. హైదరాబాదులో కారూ ఫోనూ ఉన్న కుటుంబం, ముద్దుల కూతురు, ఆ పిల్లమీద చేతబడి. కథ నడిచినంతసేపూ వైద్యమూ మంత్రమూ పోటాపోటీగా నడుస్తాయి. తర్వాత ‘తులసి’ వచ్చింది, 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. పాత కాశీమజిలీ కథల్లో, చందమామ సీరియళ్లలో మాంత్రికుడు ఏ మర్రిచెట్టు తొర్రలోనో, ఏడు సముద్రాల అవతలో ఉండేవాడు. వాడిని తెచ్చి పట్నం మేడలో, ఆస్పత్రి వార్డులో నిలబెట్టడం యండమూరి చేసిన పని. ఆ ఊపులో క్షుద్ర నవలలు పుట్టగొడుగుల్లా పుట్టాయి.

చదివించే శక్తిలో అంతటి పుస్తకం లేదని మేట్రనమ్మ ఒప్పుకుంటారు. అన్నం మాడిపోయిందట, చూసుకోలేదట. రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయారట. “పట్నంవాళ్లకు కొత్త కాబట్టి జడిసినారు. మాకు దిసారి ఇంటి పక్కనే ఉంటాడు. చుక్కలు చూసి విత్తనం ఎప్పుడు వేయాలో, పెళ్లి ఎప్పుడు చేయాలో చెబుతాడు. సంతలో ఉల్లిపాయలకు బేరం ఆడతాడు. ఆయనకు ఎవరు జడుస్తారు?” నవలకు మంత్రగాడు కావలసి వచ్చినప్పుడల్లా కొండ మీదినుంచి, అడవిలోంచి దించుతారని, మంచి డాక్టరు కావలసి వస్తే మాత్రం ఎప్పుడూ ఇక్కడినుంచి తీసుకోరని ఒక చురక వేశారు.

ఆమె గొంతు మారింది ఆ తర్వాతే.

ఆ రోజుల్లో హాస్టలు పిల్లలు ఈ పుస్తకం దొంగచాటుగా చదివేవారు. ఆమే చదవనిచ్చారు. ఒక వానాకాలం రాత్రి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కళ్లు తేలేసింది. కొట్టుకుంది, అర్థం కాని మాటలు మాట్లాడింది. పిల్లలందరూ ఒక్కటే కేక: కాష్మోరా! ఎవరు చేశారన్న ప్రశ్నకు జవాబు తెల్లారేలోపే దొరికింది. గేటు దగ్గర సీతాఫలాలు, చింతపండు అమ్ముకునే ముసలమ్మ. ముందురోజు ఆ పిల్ల కాయలు తీసుకుని డబ్బులు తర్వాత ఇస్తానందట, ముసలమ్మ ఏదో గొణిగిందట.

మేట్రనమ్మ పిల్లను జీపులో ఆస్పత్రికి పంపారు. రక్తం తీసి చూస్తే మలేరియా, అందులోనూ మెదడుకు ఎక్కే రకం. ఫాల్సిపేరం అనే ఆ జాతి క్రిమి ఈ ఏజెన్సీలో వానలతోపాటు వచ్చేదే. అది మెదడుకు సోకితే మూర్ఛలు వస్తాయి, కలవరింతలు వస్తాయి, స్పృహ తప్పుతుంది. చూసేవారికి దెయ్యం పట్టినట్టే ఉంటుంది. వేళకు మందు పడితే బతుకుతారు, ఆలస్యమైతే కష్టం. పిల్ల పది రోజులకు లేచి తిరిగివచ్చింది.

ముసలమ్మ మాత్రం మళ్లీ గేటు దగ్గరకు రాలేదు. హాస్టలు మాట ఊరికి పాకింది. చిల్లంగి పెట్టిందని ఊరు కూర్చుని తప్పు వేసింది. మేకపోతును ఇచ్చుకుంది. అయినా నీళ్ల దగ్గర ఆడవాళ్లు పక్కకు తప్పుకోవడం మానలేదు. చివరికి సరిహద్దు అవతల ఒరిస్సాలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. పిల్లకు వచ్చింది మలేరియా అని మేట్రనమ్మ ఊళ్లోకి వెళ్లి చెప్పారు. చీటీ చూపించారు. “చీటీ ఎవరు చదువుతారు? తులసిదళం చదివినవాళ్లు ఉన్నారు గానీ!”

చిల్లంగి నెపం మీద ముసలివాళ్లను కొట్టడం, చంపడం ఏజెన్సీలో వార్తలకెక్కుతూనే ఉంది. నవలలు పుట్టకముందూ ఉంది. ఆ నేరమంతా పుస్తకం మీద వేయడం న్యాయం కాదని ఆమే అంటారు. కాని, ఊరివాడు గుడ్డిగా నమ్మితే మూఢనమ్మకమన్న పట్నం, అదే సంగతి అచ్చులో చదివి, ఏమో ఉందేమో అనుకోవడం ఆమెకు మింగుడుపడలేదు. పట్నంలో అది ఒక రాత్రి జడుపు. ఇక్కడ అది ఒక ముసలమ్మ ఇల్లు.

రంగనాయకమ్మ ఆ నవలను చీల్చి చెండాడుతూ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పుస్తకం రాశారు. అదీ పెట్టెలో ఉంది. వాదన చాలావరకు నచ్చిందట, పేరు మాత్రం నచ్చలేదట. గంజాయి కేసుల్లో కొండ కుర్రాళ్లు జైళ్లకు వెళుతున్న చోట ఆ మాట వింటే నవ్వు రాదంటారు. ‘తులసిదళం’ను ఆమె పారేయలేదు. అడిగిన పెద్దవాళ్లకు ఇస్తారు. పిల్లలు అడిగితే ముందు ముసలమ్మ కథ చెప్పి తర్వాత ఇస్తారు.

ఫోనులో రక్తపిశాచి

మేనకోడలి కూతురు పాడేరులో డిగ్రీ చదువుతోంది. సెలవులకు వస్తే సిగ్నలు కోసం చెరువుగట్టు ఎక్కి ప్రతిలిపిలో కథలు చదువుతుంది. ఎక్కువగా రక్తం తాగే అందగాడు కాలేజీ పిల్లను ప్రేమించే కథలే. అమెరికాలో స్టెఫనీ మేయర్ 2005లో ‘ట్విలైట్’ రాసిన తర్వాత ఆ రకం ప్రేమకు లోకమంతా గిరాకీ వచ్చింది. తెలుగులో కూడా నెలనెలా పుట్టుకొస్తున్నాయి.

అమ్మమ్మకు ఒకటి పైకి చదివి వినిపించింది. వందేళ్ల వయసున్న కుర్రాడు, ఆకలిని అణచుకుంటాడు, ఆ పిల్లను కొరకడు. “కొరకకపోవడమే గొప్పా? రక్తం తాగేది మా ఊళ్లోనూ ఉంది, దోమ. దాన్ని ఎవరూ ప్రేమించరు” అని ఆమె కొట్టిపారేశారు. వాడి కారు మాత్రం ఎక్కడో చూసినట్టుందన్నారు. పొడుగు, పొగరు, డబ్బు, మనసులో మాట బయటపెట్టకపోవడం అంతా రాజశేఖరమే, కోరలు ఒక్కటే కొత్త. మనవరాలు అలిగింది. రెండో రోజు తనే వచ్చి, తర్వాత భాగం వచ్చింది వింటావా అని అడిగింది. విన్నారు. మూడో భాగానికి ఆమే అడిగారు.

శుక్రవారం అరకు సంతకు వెళ్లివచ్చేవారు ఆమె ఇంటి అరుగు మీద కాసేపు ఆగుతారు. పెట్టె ఆ పూట తెరిచే ఉంటుంది. పుస్తకం పట్టుకెళ్లినవారి పేరు గోడమీద బొగ్గుతో రాస్తారు, తెచ్చి ఇచ్చాక చెరిపేస్తారు. ప్రస్తుతం గోడమీద పదకొండు పేర్లున్నాయి. వాటిలో ‘సెక్రటరీ’ ఎదురుగా ఉన్న పేరు మూడు వానాకాలాలుగా చెరగలేదు.