మీకు తెలుసా? ఓడలకు పురుడు పోసిన మన విశాఖ

జమ్మికుంట పత్తి మార్కెట్‌కు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కానీ మనలాంటి లోపలి ప్రాంతాల సరుకే విశాఖను పెద్ద రేవును చేసింది. బ్రిటిష్ కాలంలో మధ్యపరగణాల మాంగనీసును విదేశాలకు పంపడానికి దగ్గరి దారి కావాల్సి వచ్చింది. అందుకే రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం వేశారు, 1933లో రేవు తెరిచారు. ముఖద్వారంలో ఇసుక మేట వేయకుండా, అలలు విరిగేలా ఏం చేశారో తెలుసా? రెండు పాత ఓడల నిండా రాళ్లు నింపి, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ముంచేశారు! ఓడలే అడ్డుకట్ట అయ్యాయి.

రేవు వచ్చాక, పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్‌కు చెందిన సింధియా నౌకా కంపెనీ ఇక్కడ నౌకానిర్మాణ కేంద్రం తలపెట్టింది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 6న, రెండో ప్రపంచ యుద్ధంలో, జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేయడంతో పనులు కుంటుపడ్డాయి. అయినా పట్టు వదల్లేదు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ఇక్కడ కట్టిన 'జల ఉష' ఓడ నీట దిగింది. పరాయి పాలనలో, యుద్ధం నడుమ మొదలైన పని అది; ఎంత గర్వపడినా తక్కువే. 1952లో కేంద్రం ఈ నౌకానిర్మాణ కేంద్రాన్ని చేపట్టి హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మార్చింది.

ఈసారి పిల్లలతో విశాఖ వెళ్తే బీచ్ ఒక్కటే చూసి వచ్చేయకండి. ఆ రేవు ముఖద్వారం కూడా చూపించండి.